డన్స్ ఊరి మొద్దు

డన్స్ ఊళ్లో పుట్టినవాణ్ణి బడిలో "డన్స్" అని తిట్టడంలో ఉన్న సుఖం ఇంకే ఊరి టీచరుకూ దక్కదు. ఊరి పేరూ, మొద్దు అనే అర్థంలో వాడే ఆ పాతకాలపు తిట్టూ నోట్లో ఒకేలా పలుకుతాయి. కాగితం మీద ఇంగ్లీషులో రాస్తేనే చివర్లో తేడా. ఆ తేడా వాట్ ఆచిసన్‌కి ఏడేళ్ల వయసులోనే తెలుసు. ఎందుకంటే ఆ తిట్టును వాడి చేత పలక మీద వందసార్లు రాయించింది మిస్ లోరిమర్. వందలో సగానికి పైగా వాడు ఎన్ అక్షరాన్ని తిప్పి రాశాడు. దాంతో పొయ్యి పక్కన ఎత్తుపీట ఎక్కి, నెత్తిన అట్టతో చేసిన పొడవాటి కోసు టోపీ పెట్టుకుని మధ్యాహ్నం గంట కొట్టేదాకా నిలబడాల్సి వచ్చింది. పిల్లలంతా నవ్వారు. వాడూ నవ్వాడు, నవ్వకపోతే ఏడవాలి కనక.

పదమూడో ఏట బడి మానేసి తండ్రి వెంట గోడలు కట్టడానికి పోయాడు. సున్నం, సిమెంటు లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టే పొలం గోడలు. రాళ్లతో వాట్‌కి ఎప్పుడూ పేచీ రాలేదు. ఏ మొహం బయటికి పెట్టాలో, ఏది లోపలికి పోవాలో చేతిలోకి తీసుకోగానే తెలిసిపోయేది. ఒకసారి చేతిలోకి తీసుకున్న రాయిని మళ్లీ కింద పడేయడం అతనికి అలవాటు లేదు. యాభై రెండేళ్లు వచ్చేసరికి ఆ చుట్టుపక్కల అతనంత పనివాడు లేడని పేరు పడింది. చదవడం మాత్రం అలాగే ఉండిపోయింది. ఒక్కో మాటనూ కూడబలుక్కుని చదవగలడు. ఉత్తరాలు వస్తే భార్య జెస్ చదివేది, అతను కింద సంతకం పెట్టేవాడు.

ఆ ఏడాది ఏప్రిల్‌లో మాంసం కొట్టు పర్వెస్ అతన్ని వెతుక్కుంటూ వచ్చాడు. ఊళ్లో ఏ కమిటీ వేసినా దానికి పర్వెస్సే పెద్ద.

"వాట్, నీకో పని తెచ్చాను. ఇలాంటిది జీవితంలో ఒక్కసారే వస్తుంది," అన్నాడు. "మన ఊళ్లో పుట్టిన మహానుభావుడికి రాతి స్తూపం కట్టాలి. కొండకి పోయే దారి మలుపులో."

"ఎవరాయన?"

"జాన్ డన్స్ స్కోటస్."

"ఏం చేశాడు?"

పర్వెస్ మెడ గోక్కున్నాడు. "పుస్తకాలు రాశాడు. ఏడువందల ఏళ్ల కిందట. లాటిన్‌లో."

"నువ్వు చదివావా?"

"నేనా! మాంసం కొట్టుకునేవాణ్ణి నాకెందుకయ్యా? జూన్‌లో ఆయన మఠానికి చెందిన సన్యాసులొస్తున్నారు, ఎక్కడెక్కడి నుంచో. ఆ లోపల అయిపోవాలి. నల్లరాతి పలక చెక్కడానికి కెల్సోలో గిల్‌క్రిస్ట్‌కి అప్పజెప్పాం. దాని మీద మాటలు మిస్ లోరిమర్ రాస్తోంది. ఈ ఊళ్లో లాటిన్ ఇంకెవరికొచ్చు?"

వాట్ చేతిలో సుత్తి ఆగింది. మిస్ లోరిమర్ బడి వదిలి పదిహేనేళ్లయింది. చర్చి దగ్గర ఎదురుపడితే అతను టోపీ తీసేవాడు, ఆవిడ తల ఆడించేది. అతను బడి మానేశాక ఇన్నేళ్లలో వాళ్లిద్దరి మధ్యా జరిగిన సంభాషణ అంతే.

ఆ సాయంత్రం కీమా, బంగాళాదుంపలు వడ్డిస్తూ జెస్ అడిగింది. "బడిలో నిన్ను పీట ఎక్కించింది ఆవిడకి గుర్తుందంటావా?"

"ఆ కోసు టోపీ పెట్టుకుంటే గుర్తొస్తుంది," అన్నాడు వాట్.

స్తూపం పని మే నెల మధ్యలో మొదలుపెట్టాడు. మూడోరోజున బ్రదర్ కొలంబన్ దిగాడు. ఐర్లండ్ నుంచి వచ్చిన సన్యాసి. అరవై దాటినవాడు, ఎర్రటి ముఖం, గోధుమరంగు అంగీ, నడుముకి తాడు. ఏర్పాట్లు చూడమని ముందుగా పంపించారట. చూడాల్సిన ఏర్పాట్లేమీ లేకపోవడంతో పొద్దున్నే వచ్చి, అంగీ మోకాళ్లదాకా ఎగదోపుకుని, లోపల నింపడానికి చిల్లర రాళ్లు మోసేవాడు.

"బ్రదర్, మీరు మోసే దానికంటే మాట్లాడేది ఎక్కువ," అన్నాడు వాట్.

"మోయడానికి నన్నెవరూ సన్యాసంలోకి తీసుకోలేదు నాయనా. మాట్లాడటానికే తీసుకున్నారు."

వారం గడిచేసరికి ఇద్దరికీ చనువు కుదిరింది. ఒకరోజు రొట్టె, జున్ను తింటూ వాట్ మనసులో ఉన్నది అడిగేశాడు.

"ఈయన పేరూ, మొద్దుల్ని తిట్టే తిట్టూ ఒకేలా ఉన్నాయేంటి బ్రదర్? ఊరి పేరు వల్లేనా?"

"ఒకేలా ఉండటమేంటి? ఆ తిట్టు పుట్టిందే ఈయన పేరులోంచి."

"అంటే ఈయన మొద్దా?"

"మొద్దా!" కొలంబన్ నోట్లో జున్ను ముక్క పక్కకి తోశాడు. "బతికున్న రోజుల్లో ఈయనంత పదునైన బుర్ర ఎక్కడా లేదు. ఒక్క మాట ఇస్తే ఉల్లిపాయ ఒలిచినట్టు పదహారు పొరలు ఒలిచి చూపించేవాడు. ఆక్స్‌ఫర్డ్‌లో చెప్పాడు, పారిస్‌లో చెప్పాడు. సూక్ష్మబుద్ధి గురువు అని బిరుదు. నలభై రెండో నలభై మూడో ఏళ్లకే పోయాడు పాపం."

"మరి తిట్టెలా అయ్యాడు?"

"శిష్యుల వల్ల. ఎవరి కొంపైనా ముంచేది శిష్యులే. ఆయన పోయాక రెండువందల ఏళ్లు ఆయన పుస్తకాలే పట్టుకు కూర్చున్నారు. వాళ్లని డన్స్ మనుషులు అనేవాళ్లు, మర్యాదగానే. ఈలోగా కాలం మారింది. గ్రీకు చదువులొచ్చాయి, కొత్త గురువులొచ్చారు. ఈ పాతవాళ్లు కొత్త మాట చెవిన వేసుకోరు. ఏదన్నా అంటే పెద్ద పుస్తకం తెరిచి వాదన మీద వాదన పేరుస్తారు, నువ్వు రాళ్లు పేర్చినట్టు. కొత్తవాళ్లకి ఒళ్లు మండి 'పోవయ్యా, నువ్వో డన్స్‌వి' అనడం మొదలుపెట్టారు. అప్పట్లో దానర్థం మొద్దు కాదు, వాట్. మరీ ఎక్కువ చదివి పనికిమాలిన వాదన చేసేవాడు అని. పోను పోను కొత్తది బుర్రకెక్కనివాడు అని అయింది. ఇంకొన్నాళ్లకి అసలు చదువే రానివాడు అయి కూర్చుంది. మాట బోర్లాపడింది, అంతే."

వాట్ రొట్టె పక్కన పెట్టాడు. తర్వాత భుజాలు కదలడం మొదలైంది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు.

"అయితే మా టీచరమ్మ నన్ను ఏడేళ్లకే ఆక్స్‌ఫర్డ్ పంపిందన్నమాట!"

"ఫీజు కూడా కట్టించుకోకుండా," అన్నాడు కొలంబన్.

ఆ కథ ఇంట్లో చెబితే జెస్ కూడా నవ్వింది. గిన్నెలు కడుగుతూ మాత్రం ఒక మాట అంది. "ఆవిడకి లాటిన్ వచ్చు కదా. ఈ సంగతి ఆవిడకి తెలిసే ఉంటుంది."

"ఉంటుంది."

"తెలిసీ పెట్టిందా ఆ టోపీ నీ నెత్తిన?"

వాట్ పైపు వెలిగించుకుని పెరట్లోకి పోయాడు. నవ్వులో పోయిందనుకున్న ముల్లు ఎక్కడో ఇంకా ఉన్నట్టు అనిపించింది.

జూన్ వచ్చింది. ఆవిష్కరణ ఆదివారం. గురువారం పొద్దున గిల్‌క్రిస్ట్ మనిషి పలకను గోనెసంచుల్లో చుట్టి తీసుకొచ్చి దించి వెళ్లాడు. కొలంబన్ మిగతా సన్యాసుల్ని తీసుకురావడానికి ఎడిన్‌బరా వెళ్లాడు. పర్వెస్, కమిటీ వాళ్లు ఇద్దరు, దారిన పోయే నలుగురు చుట్టూ చేరారు. గోనె విప్పారు. నల్లగా, తడిసినట్టు మెరుస్తోంది రాయి. పైన పెద్ద అక్షరాల్లో డన్స్ స్కోటస్ అన్న పేరు, కింద చిన్నబడి అక్షరాల్లో లాటిన్ వరుసలు నాలుగు.

"అబ్బ! ఎంత బాగుందో," అన్నాడు పర్వెస్.

అందరూ బాగుందన్నారు. వాట్ చూపు మాత్రం పేరులో మొదటి మాట దగ్గర ఆగిపోయింది. అందులో ఎన్ తిరగబడి ఉంది. ఎడమ పైనుంచి కుడి కిందికి దిగాల్సిన గీత, ఎడమ కిందినుంచి కుడి పైకి ఎక్కింది.  కళ్లు మూసి తెరిచాడు. అటు పక్కకి పోయి చూశాడు, ఇటు పక్కకి వచ్చి చూశాడు. ఎలా చూసినా అంతే.

చెబుదామని నోరు తెరిచి, మళ్లీ మూసేశాడు. చదువుకున్నవాళ్లు ఏడుగురు నిలబడి చూస్తున్నారు. ఒక్కళ్లకీ కనపడలేదు. తిరగబడింది రాతిలో అక్షరమా, తన బుర్రలో అక్షరమా? ఎన్ విషయంలో అతను తన కళ్లను నమ్మి నలభై అయిదేళ్లయింది.

వాళ్లు వెళ్లిపోయాక ఒక ఉపాయం తోచింది. చెక్కేముందు గిల్‌క్రిస్ట్ కాగితం మీద గీసి మిస్ లోరిమర్‌కి పంపించి ఉంటాడు. ఆ కాగితంలో ఎలా ఉందో, రాతి మీద ఎలా ఉందో పక్కపక్కన పెట్టి చూస్తే సరి. ఏది ఒప్పో తెలియకపోయినా, రెండు ఆకారాలు ఒకటేనా కాదా అన్నది అతనికి తెలుస్తుంది. పేరులోని అక్షరాలను సుద్దతో ఒక పలకరాతి పెంకు మీద ఉన్నదున్నట్టు దించుకుని, బూట్ల మట్టి దులుపుకుని బయల్దేరాడు.

తలుపు తీసిన మిస్ లోరిమర్ అతని ముఖం వైపు కాక చెవి వైపు చూసింది. డెబ్బై అయిదేళ్లు. మనిషి ఇంకా కొలబద్దలా నిటారుగానే ఉంది.

"ఎవరు?"

"ఆచిసన్ని, మిస్."

"ఏ ఆచిసన్? రాళ్ల ఆచిసనా? లోపలికి రా. గుమ్మంలో నిలబడి చలిని పిలవకు."

టీ ఇస్తానంది. వద్దంటే వినలేదు. కప్పు అంచుకి లోపలివైపు వేలు తగిలించి పెట్టి, వేడి టీ వేలిని తాకగానే పోయడం ఆపింది. వాట్ అది చూశాడు. చూసినట్టు బయటపడలేదు.

"నువ్వు టీ కోసం రాలేదు, ఆచిసన్."

"గిల్‌క్రిస్ట్ పంపిన కాగితం ఓసారి చూడాలి, మిస్."

ఆవిడ బల్ల సొరుగు తడిమి కాగితం తీసింది. కింద ఆవిడ సంతకం ఉంది. గీత మీద కాదు, గీత దాటి మూలకి జారిపోయి ఉంది. వాట్ తన పెంకును దాని పక్కన పెట్టాడు. రెండింట్లోనూ ఎన్ ఒకేలా ఉంది.

అంటే రెండు చోట్లా తప్పైనా ఉండాలి, లేదా తన కళ్లే తప్పు కావాలి. తిరిగి వెళ్లిపోదామా అనిపించింది. వెళ్లలేదు.

"మిస్, డన్స్ అన్న మాటలో ఈ ఎన్ సరిగ్గానే ఉందా?"

మిస్ లోరిమర్ కాగితం తీసుకుని కిటికీ దగ్గరకి వెళ్లింది. ముక్కుకి ఆనేంత దగ్గరగా పెట్టుకుంది. వెలుగుకి అటూ ఇటూ తిప్పింది.

"నీకెలా కనిపిస్తోంది?" అంది, వెనక్కి తిరక్కుండానే.

"తిరగబడ్డట్టు."

"నా చేతి మీద గీసి చూపించు. ఎలా చెక్కాడో అలాగే."

ఆవిడ అరచెయ్యి చాపింది. వాట్ తన చూపుడువేలితో, రాళ్ల మధ్య అరిగి బండబారిన వేలితో, ఆ ముడతల మీద అక్షరం గీశాడు.

"ఇంకోసారి."

మళ్లీ గీశాడు. ఆవిడ గుప్పిట మూసుకుంది.

"నువ్వు చెప్పిందే ఒప్పు ఆచిసన్. అది తిరగబడింది." కుర్చీ అంచు తడుముకుని కూర్చుంది. "అది నేను చూడకుండా సంతకం పెట్టాను. చూడలేక. ఏడాది నుంచీ కళ్ల ముందు పాలు పోసినట్టుంది. ఎవరికైనా చెబితే మా మేనకోడలు వచ్చి బెర్విక్‌కి తీసుకుపోతుంది. ఆ పిల్ల రోజంతా రేడియో పెడుతుంది."

వాట్‌కి నవ్వొచ్చింది కానీ ఆపుకున్నాడు.  ఇప్పుడు అడక్కపోతే ఇంకెప్పుడూ అడగలేననిపించింది.

"ఆ తిట్టు ఎవరి పేరులోంచి పుట్టిందో మీకు అప్పట్లోనే తెలుసా, మిస్? నన్ను పీట ఎక్కించిన రోజున?"

"తెలుసు."

"తెలిసీ ఎక్కించారా?"

"ఆ టోపీ నేను రాకముందు నుంచీ బడి అల్మారాలో ఉంది," అంది మిస్ లోరిమర్. "కానీ దాన్ని తీసింది నా చెయ్యే. అరవైమంది పిల్లలు, నేనొక్కదాన్ని. వాళ్లలో నువ్వు తెలివైనవాడివి. లెక్కలు నోటితో చెప్పేసేవాడివి. నీకు అక్షరం ఎందుకు తిరగబడుతోందో నాకు అర్థం కాలేదు. అర్థం కాలేదన్న కోపం నా మీద నాకు రావాల్సింది. నీ నెత్తి అందుబాటులో ఉంది." అతని వైపు తిరిగింది. "తప్పు చేశాను ఆచిసన్. ఎప్పుడో చెప్పాల్సింది."

వాట్ కప్పు వైపు చూశాడు. ఇన్నేళ్లలో ఈ మాట వింటే ఏం అనాలో చాలాసార్లు అనుకున్నాడు. మంచి మంచి మాటలే అనుకున్నాడు. అవేవీ అనకుండా కప్పు పక్కన పెట్టాడు.

"ఆ ముక్క చెప్పడానికి మీకు నలభై అయిదేళ్లు పట్టింది. ఒక ఎన్‌ను సరిగ్గా చదవడానికి నాకూ అన్నేళ్లే పట్టింది. సరికి సరి లెండి," అన్నాడు. అని, లేచి టోపీ పెట్టుకున్నాడు. "ఇప్పుడు నేను కెల్సో పోవాలి."

పర్వెస్ మాంసం బండి అడిగి తీసుకుని మధ్యాహ్నానికల్లా కెల్సో చేరాడు. గిల్‌క్రిస్ట్ ముందు ఒప్పుకోలేదు. వాట్ సుద్దతో దించిన పెంకు చూపించాడు. అప్పుడు ముఖం పాలిపోయింది. అక్షరాలు గీయడానికి వాడే రేకు అచ్చుల్లో ఎన్ అచ్చు వెనకవైపుకి తిరిగిపోయిందనీ, కాగితం మీద అలా గీసి, దాన్నే రాతి మీదికి దించాననీ అన్నాడు. "మరి మిస్ లోరిమర్ కూడా చూడలేదా?" అని అడిగాడు.

"నీ అచ్చు నువ్వే చూసుకోలేదు, ఆవిడనంటావా?" అన్నాడు వాట్. ఆ సంగతి అక్కడితో ఆగిపోయింది.

కొత్త రాయి తేవడానికి వ్యవధి లేదు. గిల్‌క్రిస్ట్ ఉలులు పట్టుకుని అదే బండిలో స్తూపం దగ్గరికి వచ్చాడు. పలకను బోర్లా తిప్పి, వెనకవైపు నున్నగా చేసి మళ్లీ చెక్కాలి. నాలుగు వరుసల లాటిన్ చెక్కడానికి టైము చాలదని గిల్‌క్రిస్ట్ అంటే, మిస్ లోరిమర్ స్తూపం దగ్గరికే వచ్చి, వాట్ పరిచిన కోటు మీద కూర్చుని, నాలుగు వరుసల్ని ఒకటిన్నర చేసింది. "మొదట రాసినదానికంటే ఇదే బాగుంది. అవసరం లేని మాటలు పోయాయి," అంది.

శుక్రవారమంతా, శనివారం మధ్యాహ్నం దాకా గిల్‌క్రిస్ట్ చెక్కాడు. ఒకసారి దెబ్బతిన్నవాడు కనక ప్రతి అచ్చూ రాతి మీద పెట్టి, ఉలి ఎత్తేముందు వాట్ వైపు చూసేవాడు.

"ఇది సరేనా?"

"సరే. కొట్టు."

"ఇది?"

"తిప్పు. ఆ, ఇప్పుడు కొట్టు."

పదో అక్షరమో పదకొండోదో అయ్యేసరికి వాట్ తడబడటం మానేశాడు. శనివారం సాయంత్రం ఎండ ఉండగానే పలక తన చోట కూర్చుంది. పాత చెక్కడం స్తూపం లోపలివైపుకి పోయింది. ఏం జరిగిందని పర్వెస్ అడిగితే, "ఒక అక్షరం తిరగబడింది, సరిచేశాం," అన్నాడు వాట్. "నువ్వు చూశావా దాన్ని? నువ్వా?" అన్నాడు పర్వెస్. "నేనే," అన్నాడు వాట్, మెడ కొంచెం నిక్కించి.

ఆదివారం పొద్దున సముద్రం మీదనుంచి వచ్చిన మంచు పదింటికి విడిపోయింది. పద్దెనిమిదిమంది సన్యాసులు, బాకాలు, డోళ్ల వాళ్లు, ఊరు ఊరంతా. మిస్ లోరిమర్ చేతిలో కాగితం పట్టుకుని మాట్లాడింది గానీ ఒక్కసారి కూడా దాని వైపు చూడలేదు. ఎంత జ్ఞాపకశక్తో అని జనం గుసగుసలాడుకున్నారు. ఆవిడ మహానుభావుడి గురించి చెప్పింది, శిష్యుల గురించి చెప్పింది, మంచి పేరు తిట్టుగా ఎలా దిగజారిందో చెప్పింది. "ఈ ఊళ్లో ఆ మాటను అన్యాయంగా వాడినవాళ్లలో నేనూ ఉన్నాను," అంది. ఎవరి పేరూ ఎత్తలేదు. వాట్ తన బూట్లు చూసుకుంటూ నిలబడ్డాడు. జెస్ మోచేత్తో పొడిచింది. కొలంబన్ గట్టిగా చీదాడు, జలుబు చేసినట్టు.

తర్వాతి గురువారం వాట్ ఆవిడ పెరటి గోడ ఓ మూల జారిందని చూసి, సరిచేయడానికి వెళ్లాడు. పని అయ్యాక వారపత్రిక బల్లమీద మడత విప్పకుండా పడి ఉండటం కనిపించింది.

"చదవమంటారా, మిస్?"

"నువ్వా?"

"నాకు టైము పడుతుంది."

"నాకెక్కడికీ పోయే పని లేదు," అంది మిస్ లోరిమర్.

ఆ రోజు సంతలో గొర్రెల ధరలు చదవడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆవిడ అడ్డు రాలేదు, కామా దగ్గర ఆగమనడానికి ఒక్కసారి తప్ప. మరుసటి వారం ఎవరెవరు పోయారో చదివాడు. ఆ వేసవంతా గురువారాలు అలాగే గడిచాయి. జెస్ వెన్న రాసిన స్కోన్ రొట్టెలు కట్టి పంపేది. శరదృతువులో వాట్, జెస్ కలిసి ఆవిడని ఒప్పించి ఎడిన్‌బరాలో కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. ఒక కన్ను బాగుపడింది. ఆ కంటితో ఆవిడ మొదట చూసింది తన టీపాట్‌ని. దానికింత పగులు ఉందని ఎవరూ చెప్పలేదేమని జెస్‌ని కసురుకుంది.

కన్ను బాగయ్యాక ఆవిడ పత్రిక తనే చదువుకోగలదు. అయినా తర్వాతి గురువారం వాట్ వెళ్లేసరికి పత్రిక విప్పకుండానే బల్లమీద ఉంది, రెండు కప్పులు పక్కన పెట్టి ఉన్నాయి. అతను కూర్చుని మొదటి పేజీ తీశాడు.

"కామా దగ్గర ఆగాలి ఆచిసన్."

"ఊపిరి అందనప్పుడు ఆగుతాను, మిస్," అన్నాడు వాట్, తర్వాతి వరుస మీద వేలు పెడుతూ. "బెర్విక్‌లో వంతెన రిపేరట. చదవనా, వద్దా?"

"చదువు," అంది మిస్ లోరిమర్, టీ పోస్తూ.